రెండు థయోల్స్ కలిపేస్తే రెండు ముఖాలు వచ్చేస్తాయా?

పోయిన నెల ఒక సెమినార్‌లో స్లైడ్ మీద గుండ్రటి బొమ్మ చూశాను, సగం నీలం, సగం పసుపు, కింద "జానస్ బంగారు నానో కణం" అని రాసి ఉంది, అంటే రెండు వైపులా రెండు రకాల స్వభావం ఉన్న అతి చిన్న బంగారు కణం. ఎలా చేశారని అడిగితే, నీళ్లను ఇష్టపడే థయోల్ (గంధకం ఉన్న ఒక రకం అణువు) ఒకటి, నూనెను ఇష్టపడే థయోల్ ఒకటి, రెండూ ఒకే ఫ్లాస్కులో వేసి రాత్రంతా కలిపారట. అంతే. నాకు నిజంగా కోపం వచ్చింది.

థయోల్‌లోని గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది, సరే. కానీ ఏది ఏ వైపు అంటుకోవాలో దానికి ఎవరు చెప్పారు? చాలాసార్లు రెండూ కలగాపులగంగానే అంటుకుంటాయి. కొన్ని జతలు వాటంతట అవే విడిపోయి చెరో వైపు సర్దుకుంటాయి, కాదనను, కానీ మీ జత అలా చేసిందని చూపించాలి కదా!

రెండు ముఖాల రోమన్ దేవుడి పేరుతో ఈ కణాల గురించి ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త ద జెన్ 1991 నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. అంతకుముందే ఫ్రాన్స్‌లో కాసగ్రాండ్, వేసియే వాళ్లు గాజు పూసలతో చేసి చూపించారు. పూసలో సగాన్ని వార్నిష్‌తో కప్పి, బయట ఉన్న సగానికి సైలేన్ అనే, గాజుకు అంటుకునే రసాయనం పట్టించి, తర్వాత వార్నిష్ కడిగేశారు. బాతిక్ బట్టకు మైనం పూసి రంగులో ముంచినట్టే. 2006లో ఇలినాయ్‌లో గ్రానిక్ బృందం గాజులాంటి సిలికా కణాలను నీటిలో ఉన్న వేడి మైనం చుక్కల మీద చేర్చి, చల్లార్చి, అవి అందులో సగం దిగబడి ఉండగానే బయటి వైపును మార్చింది. కిటుకంతా కణాన్ని తిరగకుండా పట్టుకోవడంలోనే ఉంది, కలపడంలో లేదు.

బంగారంతో కష్టం ఎక్కడంటే, మనం సిట్రేట్ అనే లవణంతో చేసే కణం 15 నానోమీటర్లు ఉంటుంది. సైజు పదో వంతు అయితే నూనె-నీటి సరిహద్దు (మైనం చుక్క అంచు కూడా అలాంటిదే) దాన్ని పట్టుకునే శక్తి వందో వంతుకు పడిపోతుంది. అంత చిన్నది గిరగిరా తిరుగుతుంది, ఊడిపోతుంది కూడా. మైనంలో నిలబెట్టడానికే నాకు ఎనిమిది నెలలు పట్టింది, ఎన్నిసార్లు ఎర్రటి బంగారు ద్రావణం ఊదారంగుకు తిరిగి గడ్డకట్టిందో లెక్కే లేదు. అందుకే ఆ ఒక్క రాత్రి కథ వింటే అంత బాధ.

ఇంక రుజువు సంగతి. నూనెకీ నీటికీ మధ్య పొరలా చేరింది కాబట్టి జానసే అంటారు. మామూలు కణాలు కూడా చేరతాయండీ, ఆ సంగతి 1907లో పికరింగ్ అనే రసాయన శాస్త్రవేత్త నాటి నుంచీ తెలుసు! ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటో చూపిస్తారు, అందులో బంగారం నల్ల చుక్కలా కనబడుతుంది, చుట్టూ ఉన్న థయోల్ పొర దాదాపు కనబడదు. ఒక వైపుకే అంటుకునే ఇంకో చిన్న కణాన్ని తగిలించి చూపించండి, లేదా ఎన్‌ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో అణువులను పరీక్షించే పద్ధతి) ఏ థయోల్ పక్కన ఏది ఉందో చూపించండి. థయోల్స్ బంగారం మీద మెల్లగా జరుగుతాయి కూడా, కాబట్టి చేసిన రోజు కొలతతో ఆపకండి, అదే సీసాను నెల తర్వాత మళ్లీ కొలిచి ఆ స్లైడ్ కూడా పెట్టండి.