సర్జన్లు పుట్టరు, నేర్చుకుంటారు

“సర్జన్ కావాలంటే హస్తవాసి పుట్టుకతోనే రావాలి. అది లేనివాళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో పేదల మీద ప్రయోగాలు చేసి నేర్చుకుంటారు. నిద్ర మానితేనే రాటుదేలతారు. ఆడవాళ్లకు ఈ పని పడదు.” పీజీ కౌన్సెలింగ్ మొదలవగానే వాట్సాప్‌లో చక్కర్లు కొట్టే సందేశమిది. ఈసారి మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. జనరల్ సర్జరీలో ఎం.ఎస్. చేసినదాన్ని కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ముందు హస్తవాసి సంగతి. మా యూనిట్‌లో తొలి నెలల్లో కత్తి చేతికివ్వలేదు. కోసిన చోటును తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడటం, వార్డులో కట్లు మార్చడం, తీరిక దొరికితే ముడులు. టీ గ్లాసు అడుగున చిన్న కొక్కెం అతికించి, దానికి సిల్కు దారంతో ముడి వేయాలి. గ్లాసు బల్ల మీద నుంచి లేవకూడదు. లేచిందంటే దారాన్ని పైకి లాగుతున్నామన్నమాట. పొట్ట లోతుల్లో రక్తనాళాన్ని కట్టేటప్పుడు అలా లాగితే నాళం తెగుతుంది. చూపుడువేలి కొనతో ముడిని కిందికి నెడుతూ బిగించాలి. రెండో ముడి మొదటిదానికి ఎదురుగా పడాలి, లేకపోతే జారిపోతుంది. మొదట్లో చేతులు వణికినవాళ్లకు కూడా సాధనతో ఇదంతా పట్టుబడింది. ఎవరికి ఆపరేషన్ అక్కర్లేదో తేల్చుకోవడం నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

పేదల మీద ప్రయోగాలా? అపెండిక్స్ ఆపరేషన్‌ను మొదటి రోజే ఎవరి చేతిలోనూ పెట్టరు. ముందు చర్మానికి కుట్లు. అవి కుదిరాక పొట్ట తెరవడం. ఆ తర్వాతే పెద్దపేగు మీది కండర పట్టీల వెంట వెళ్లి అపెండిక్స్ మొదలును పట్టుకోవడం. ఎదురుగా అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉంటారు. చేయి దారి తప్పితే మాటకంటే ముందే ఫోర్సెప్స్‌తో వేళ్ల మీద ఒకటి పడుతుంది. అలా నిలబడే సీనియర్లు అన్నిచోట్లా, అన్ని రాత్రులూ ఉండరన్నది నిజమే. అందుకు అడగవలసింది అధ్యాపకుల ఖాళీల భర్తీని. పీజీలను థియేటర్‌లోకి రానివ్వకపోతే రేపు జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసేదెవరు?

నిద్ర మాట నాకు అన్నిటికంటే కోపం తెప్పిస్తుంది. రెసిడెంట్లకు, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే పీజీ డాక్టర్లకు, మామూలుగా ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. అమెరికాలో 2003 నుంచి వారానికి 80 గంటల పరిమితి ఉంది. అక్కడ సర్జన్లు తయారవడం ఆగలేదు. ఆసుపత్రిలోనే కాపురముండి నేర్చుకునే రెసిడెన్సీకి ఆద్యుడిగా చెప్పే అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్, కొకైన్‌ను తన మీదే పరీక్షించుకుని దానికి బానిసైన మనిషి. ఆయన పద్ధతిని పొగిడేవారు ఆ సంగతి దాటవేస్తారు. నిద్రలేని రాత్రి గడిచాక నేనేమీ రాటుదేలలేదు. కేస్ షీటులో ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివేదాన్ని.

ఇక ఆడవాళ్లు. కెనడాలోని ఒంటారియోలో పది లక్షలకు పైగా రోగుల రికార్డులు చూసిన అధ్యయనం 2023లో వెలువడింది. ఆపరేషన్ తర్వాత 90 రోజుల్లో మరణాలు, చిక్కులు, తిరిగి ఆసుపత్రిలో చేరడాలు కలిపితే మగ సర్జన్ల రోగుల్లో 13.9 శాతం, మహిళా సర్జన్ల రోగుల్లో 12.5 శాతం. తేడాకు కారణమేమిటో ఆ లెక్కలు తేల్చవు గానీ, ‘పడదు’ అనడానికి మాత్రం వీల్లేదు. నిజంగా మాకు పడనివి గ్లవ్స్. ఆరున్నర సైజు అయిపోయిందని ఏడున్నర ఇచ్చేవారు. వేలి కొనల దగ్గర వదులు రబ్బరు దారంతోపాటు ముడిలో చిక్కుకునేది. ఆసుపత్రికి కావలసిన సరుకులు రాసి పంపే ఇండెంటులో ఆరున్నరలు ఇంకొన్ని రాస్తే తీరిపోయే సమస్య అది.