గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకండి

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన అడిగాడు: "పిల్లిపిల్ల గోళ్ళు పర్మనెంటుగా తీయించేయాలంటే ఎంతవుతుంది?" దాని కింద మూడు లైకులు. ఇంకొకావిడ "నాకూ చెప్పండి, సోఫా పాడుచేస్తోంది" అని. అప్పట్నుంచీ కడుపు మండిపోతోంది. గ్రూపులో నోరు విప్పితే గొడవ మెయింటెనెన్స్ లెక్కలదాకా వెళ్తుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

పర్మనెంటుగా తీయడమంటే గోరు పీకడం కాదండీ. పిల్లి గోరు వేలి చివరి ఎముకను అంటిపెట్టుకుని పెరుగుతుంది. మళ్ళీ మొలవకుండా చేయాలంటే ఆ ఎముకముక్కనే కోసేయాలి. మన వేళ్ళన్నీ పైకణుపు దగ్గర తెగ్గొట్టినట్టు లెక్క. ఇజ్రాయెల్ 2011లో, న్యూయార్క్ రాష్ట్రం 2019లో వైద్య అవసరానికి తప్ప ఈ పని చేయకూడదని చట్టం చేశాయి. మనవాళ్ళేమో సోఫా కవరు కోసం రేటు అడుగుతున్నారు!

అసలు చేయాల్సిందల్లా గోటి కొస కాస్త కత్తిరించడం. నెయిల్ కట్టరంత పని. కాకపోతే ఓపిక కావాలి, అదే ఎవరి దగ్గరా లేదు.

నేనేం పుట్టుకతో పండితుణ్ణి కాదులెండి. మా పిల్లిపిల్ల బూందీ వానలో స్కూటర్ కింద దొరికినప్పుడు దానికి రెండు నెలలుంటాయేమో. వారం తిరిగేసరికి నా చేతులు ముళ్ళకంపలో పడి లేచినట్టు తయారయ్యాయి. వీడియో చూసి, తువ్వాలులో దొంగను కట్టేసినట్టు చుట్టి, అన్ని గోళ్ళూ ఒకే పూటలో అయిపోవాలని కూర్చున్నా. మూడో గోటికే రక్తం. అది అరిచిన అరుపు పక్క ఫ్లాటుకు వినపడింది. అమ్మ పసుపు డబ్బాతో పరుగెత్తుకొచ్చింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, కాన్‌ఫ్లోర్ చిటికెడు అద్ది దూదితో కాసేపు నొక్కిపట్టండి, ఆగకపోతే తీసుకురండి అన్నారు. ఆగింది. కానీ తర్వాత పది రోజులు కట్టర్ టిక్కుమంటే చాలు, బూందీ బీరువా వెనకే.

మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టా. వారం రోజులు కట్టర్ ఊసే లేదు. తిని, ఒళ్ళో మగతగా పడుకున్నప్పుడు పాదాలు నిమరడం, ఒక్కో వేలు పట్టుకుని వదిలేయడం, అంతే. పసిపిల్లలకు అమ్మలు నిద్రలోనే కదా గోళ్ళు తీసేది, ఇదీ అదే విద్య. వేలిని పైనా కిందా రెండు వేళ్ళతో మెత్తగా నొక్కితే గోరు ఒరలోంచి కత్తిలా బయటికొస్తుంది. వెలుతురుకు పెట్టి చూడండి, లోపల గులాబీరంగులో ఒక గీత కనపడుతుంది. అక్కడే రక్తనాళం, నరం ఉన్నాయి. దాని జోలికి పోకూడదు. ముందున్న అద్దంలాంటి వంపు కొస, మిల్లీమీటరో ఎంతో, అది చాలు. అనుమానం వస్తే ఇంకా తక్కువే తీయండి, కొంపలేం మునగవు. చిన్న పిల్లిపిల్లలకు మన నెయిల్ కట్టర్ కూడా పనికొస్తుంది, పదునుంటే. మొద్దుదైతే గోరు నలిగి చీలుతుంది.

ఒక పూటకు రెండు గోళ్ళు. ఒకటైనా సరే. కాలు లాక్కుందా, వదిలేయడమే. వెంటనే ఉప్పు లేని ఉడికించిన చికెన్ తునక. ముందుకాళ్ళకు ఐదేసి, వెనక్కాళ్ళకు నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. రోజుకు రెండు చొప్పున తొమ్మిది రోజులు. రెండు వారాలకోసారి కొసలు తీస్తే సరిపోతుంది కనుక చేతిలో ఇంకా సెలవులే మిగులుతాయి. అందరూ మరిచిపోయేది ముందుకాలి లోపలివైపు కాస్త పైకి ఉండే బొటనవేలి గోరు. అది నేలకు తగలదు, అరగదు. వదిలేస్తే వంకర తిరిగి పాదం కింది మెత్తలోకే గుచ్చుకుంటుంది.

ఇక గీకడం గురించి. కొసలు తీసినా గీకుతుంది, గీకనివ్వాలి. ఒళ్ళు విరుచుకోవడానికి, గోరు పైపెంకు వదిలించుకోవడానికి, పాదాల్లోని వాసన అంటించి "ఇది నాది" అని చెప్పుకోవడానికి అది చేసే పని అది. (నేల మీద గోరులాంటి పొట్టు కనపడితే కంగారుపడకండి, ఆ పెంకే.) మా ఇంట్లో పాత టేబుల్ కాలికి నులక తాడు బిగించి చుట్టాం. పక్కన గోనెసంచి. సోఫా వంక చూడటం దాదాపు మానేసింది. ఖర్చు తాడుదే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. బయట తిరిగే పిల్లికి గోళ్ళు తీయకండి. వీధికుక్క తరిమితే గోడెక్కడానికి, చెట్టెక్కడానికి దానికున్న ఆయుధాలు అవే. ఈ కత్తిరింపులన్నీ గడప దాటని పిల్లులకే.

అలాగే దొరికిన పిల్లిపిల్ల గీరి రక్తం వస్తే "చిన్నదేగా" అనుకోవద్దు. సబ్బుతో ధారగా నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. పిల్లకూ మూడు నెలలు నిండగానే వేయించండి.

ఆ గ్రూపులో అడిగినాయనకు సాయంత్రం లిఫ్టులో ఈ మాటలే చెప్పా. "రోజుకు రెండేనా? అంత టైమెక్కడిదండీ" అన్నాడు. చేతిలో ఫోన్, రీల్స్ నడుస్తూనే ఉన్నాయి.

బూందీకి ఇంకా వెనక్కాళ్ళు మిగిలాయి. ఇవాళ శుక్రవారం, ఇంట్లో గోళ్ళు తీయకూడదట, పిల్లివైనా సరే. అమ్మ కట్టర్ దాచేసింది.