బిల్లు తేదీ లేని టెండరుకు విలువెంత?

ప్రభుత్వ నిర్మాణాలపై రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి సాగుతున్న చర్చ అంతా పనిని ఎవరికి ఇచ్చారు, ఎంతకు ఇచ్చారు, ఏ పద్ధతిలో ఇచ్చారు అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో రివర్స్ టెండరింగ్ (వచ్చిన కనిష్ట ధరను ఇంకా తగ్గించేందుకు బిడ్డర్ల మధ్య మళ్లీ పోటీ పెట్టే పద్ధతి) వచ్చింది, వంద కోట్లు, ఆపై విలువ గల పనుల టెండరు పత్రాలకు న్యాయ సమీక్ష ఉండాలన్న చట్టమూ వచ్చింది. 2024లో ప్రభుత్వం మారగానే రివర్స్ టెండరింగ్ రద్దయి పాత పద్ధతి తిరిగి అమలైంది. తెలంగాణలో కాళేశ్వరం ఒప్పందాలపై కాగ్ నివేదిక, ఆపై విచారణ కమిషన్, వాటి మీద శాసనసభలో వాగ్వాదాలు పాఠకులకు తెలిసినవే. ఇంత చర్చలోనూ ఒక్క ప్రశ్నకు చోటు దొరకలేదు. పని చేసి, ఎం-బుక్‌లో (జరిగిన పని కొలతలు రాసే అధికారిక పుస్తకంలో) కొలతలు రికార్డయి, క్వాలిటీ కంట్రోల్ సంతకం కూడా పడ్డాక ఆ డబ్బు ఎన్ని రోజుల్లో చేతికి అందుతుంది? నిర్మాణ నిర్వహణకు ఆయువుపట్టు ఈ ప్రశ్నలోనే ఉందని, దీన్ని పక్కన పెట్టి టెండరు విధానాన్ని ఎన్నిసార్లు మార్చినా రోడ్డు నాణ్యత గానీ ప్రాజెక్టు గడువు గానీ మారవని నా నిశ్చితాభిప్రాయం.

లెక్క చాలా సులువైనది. కోటి రూపాయల రోడ్డు పనిని ఒక చిన్న కాంట్రాక్టరు తీసుకున్నాడనుకుందాం. కంకర, తారు, డీజిలు, యంత్రాల అద్దె, కూలీ అన్నీ కలిపి 85 లక్షలు ఖర్చయిందనుకుందాం. ఇంత సొమ్ము అతని ఇంట్లో ఉండదు. బ్యాంకు ఇచ్చేది కొంత, మిగిలింది ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. మొత్తం ఆ వడ్డీకే తెచ్చాడనుకుంటే నెలకు లక్షా 70 వేల రూపాయలు అవుతుంది. తొమ్మిదో నెల నిండేసరికి వడ్డీ 15 లక్షల 30 వేలకు చేరి, అతనికి మిగలాల్సిన 15 లక్షలూ పోతాయి. పోటీ తట్టుకోవడానికి అంచనా విలువ కంటే పది శాతం తక్కువకు కోట్ చేసి ఉంటే మిగిలేది 5 లక్షలే కాబట్టి మూడో నెలకే నష్టం మొదలవుతుంది. మన రాష్ట్రాల్లో బిల్లులు మూడు నెలల్లో రావడం ఎంత అరుదో ఈ రంగంలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. ఏడాది దాటినవి, ప్రభుత్వం మారేదాకా ఆగినవి, మారాక కూడా కదలనివి కోకొల్లలు.

ఈ సంగతి తెలిసిన మనిషి టెండరు వేసేటప్పుడు ఏం చేస్తాడు? అతనికి ఉన్న దారులు మూడే. ఆలస్యానికి అయ్యే వడ్డీని ముందే ధరలో కలపడం మొదటిది. కలిపితే పని దక్కదు. తక్కువకే వేసి, ఆ లోటును తారు శాతంలోనూ కంకర మందంలోనూ కాంక్రీటు క్యూరింగ్‌లోనూ (గట్టిపడేదాకా తడిపి ఉంచడంలోనూ) రాబట్టుకోవడం రెండోది. ఇక మూడో దారి అసలు టెండరు జోలికే పోకపోవడం, ఇవాళ నిజాయతీపరులైన చిన్న కాంట్రాక్టర్లలో చాలామంది ఎంచుకుంటున్నది ఇదే. వాళ్లు తప్పుకున్నాక బరిలో మిగిలేది బిల్లు ఎలాగైనా ముందుగా రాబట్టుకోగలనన్న ధీమా ఉన్నవాడు. ఆ ధీమా కొందరికి పెద్ద మూలధనం వల్ల వస్తుంది, ఎక్కువమందికి సచివాలయంలో ఉన్న పరిచయాల వల్ల వస్తుంది. కాబట్టి ఎల్-1గా, అంటే అందరికంటే తక్కువ ధర వేసి నిలిచినవాడు పనిని అందరికంటే చవకగా చేయగలిగినవాడని మనం అనుకోవడం పొరపాటు. చెల్లింపు మీద అందరికంటే ఎక్కువ నమ్మకం ఉన్నవాడే ఎల్-1 అవుతున్నాడు. పోటీ నిర్మాణ సామర్థ్యంలో జరగడం మానేసి, బిల్లు పాస్ చేయించుకునే సామర్థ్యంలో జరుగుతోంది. రివర్స్ టెండరింగ్‌లో పోలవరం పనులు 12.6 శాతం తక్కువకు ఖరారైనప్పుడు ఒక పక్షం దాన్ని ఘనతగా చాటింది, మరో పక్షం తప్పుపట్టింది. చెల్లింపు గడువును ఒప్పందంలో కట్టుదిట్టం చేయకుండా ఆ శాతాన్ని చూసి మురిసిపోవడంలోనూ తిట్టిపోయడంలోనూ నాకు అర్థం కనిపించదు.

డబ్బు ఆలస్యం కావడం ఒక్కటే సమస్య కాదు, అది ఏ క్రమంలో అందుతుందన్నది కూడా పని రూపాన్ని శాసిస్తుంది. ఈపీసీ పద్ధతిలో (డిజైను, సామగ్రి కొనుగోలు, నిర్మాణం అన్నీ ఒకే కాంట్రాక్టరుకు అప్పగించే పద్ధతిలో) సాగిన ఉమ్మడి రాష్ట్రపు సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమం జలయజ్ఞం ఇందుకు అన్నిటికంటే పెద్ద పాఠం. మట్టి పనికి యంత్రాలు దింపితే నెల తిరిగేసరికి కొలతలు వస్తాయి, బిల్లు పెట్టవచ్చు. అక్విడక్టు (వాగు మీదుగా కాలువను దాటించే వంతెన) కట్టాలంటే డిజైను ఆమోదం కావాలి, స్టీలు కొనాలి, నెలల తరబడి పెట్టుబడి ఇరుక్కుంటుంది. ఫలితంగా కాలువలు ముందు తవ్వారు, వాటిమీద కట్టాల్సిన నిర్మాణాలు ముక్కలు ముక్కలుగా మిగిలాయి, నీరు నిలిపే హెడ్‌వర్క్స్ అన్నిటికంటే వెనకబడ్డాయి. పోలవరంలో ప్రధాన డ్యాం పని ఊపందుకోకముందే కుడి, ఎడమ కాలువల తవ్వకం చాలా దూరం సాగిపోయింది. (2015లో పట్టిసీమ ఎత్తిపోతల నీళ్లు ఆ కుడి కాలువలో పారాయి కాబట్టి ఆ తవ్వకం పూర్తిగా వృథా కాలేదు, కానీ అది ప్రణాళిక ఫలితం కాదు.) భూసేకరణ, అటవీ అనుమతులు పూర్తికాకుండానే ఒప్పందాలు చేసుకున్నారని జలయజ్ఞంపై ఇచ్చిన నివేదికలో కాగ్ ఎత్తిచూపింది. నా దృష్టిలో అంతకంటే లోతైన లోపం చెల్లింపుల పట్టికను రాసిన తీరులో ఉంది. బిల్లు ఎటు తేలిగ్గా వస్తే పని అటు పోతుంది. చెల్లింపు షెడ్యూలు రాసే ఇంజనీరు నిజానికి ప్రాజెక్టు నిర్మాణ క్రమాన్నే రాస్తున్నాడు. ఆ పనిని మన శాఖలు గుమాస్తా పనిగా భావించి వదిలేశాయి.

దీని బరువు ఎవరి మీద పడిందో చూడాలంటే పెద్ద ప్రాజెక్టుల దాకా వెళ్లనక్కర్లేదు. తెలంగాణలో పల్లె ప్రగతి అనే గ్రామాభివృద్ధి కార్యక్రమం కింద వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), డంపింగ్ యార్డులు, పల్లె ప్రకృతి వనాలు సర్పంచుల చేత కట్టించారు. 2024 ఆరంభంలో వారి పదవీకాలం ముగిసింది గానీ బిల్లులు ముగియలేదు. అప్పు తెచ్చి ఊరికి పని చేసిపెట్టిన మాజీ సర్పంచులు ఆ తర్వాత రోడ్డెక్కి అరెస్టులయ్యారు. 2025 మార్చిలో చిన్న కాంట్రాక్టర్లు హైదరాబాద్ సచివాలయంలో ఆర్థిక శాఖను చూసే ఉప ముఖ్యమంత్రి చాంబర్ ఎదుటే బైఠాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019కి ముందు జరిగిన ఉపాధి హామీ పనుల బిల్లులు ప్రభుత్వం మారాక ఆగిపోతే బాధితులు హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది, 12 శాతం వడ్డీతో చెల్లించాలని 2021లో కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఇవి వేర్వేరు పార్టీల పాలనలో జరిగినవి. కనుక దీన్ని ఒక పార్టీ దుర్మార్గంగా చూపించడం కుదరదు. ఇది అందరూ అలవాటు చేసుకున్న పాలనా పద్ధతి. కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద మేస్త్రీ, మేస్త్రీ కింద కూలీ ఉంటారు. పైన ఆగిన బిల్లు చివరికి ఆగేది ఏ లెక్కల్లోకీ ఎక్కని ఆ కూలీ వేతనం దగ్గరే.

దీనికి ఆర్థిక శాఖ అధికారులు చెప్పే సమాధానం తెలియనిదేమీ కాదు. ఖజానా పరిమితమైనదనీ, జీతాలు, పింఛన్లు, సంక్షేమ పథకాల తర్వాతే పనుల బిల్లులకు వంతు వస్తుందనీ, పైగా నాసిరకం పనులు చేసేవారిని అదుపులో పెట్టడానికి బిల్లు ఆపడం ఒక్కటే ప్రభుత్వం చేతిలో ఉన్న ఆయుధమనీ అంటారు. మొదటి మాట నిజమైతే డబ్బు లేని పనికి టెండరు పిలవకూడదు. రెండో మాట అసలు నిలవదు, ఎందుకంటే నాణ్యత కోసమే సెక్యూరిటీ డిపాజిట్ ఉంది, డిఫెక్ట్ లయబిలిటీ కాలం (పని పూర్తయ్యాక బయటపడిన లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) ఉంది, లోపమున్న అంశాన్ని ఎం-బుక్‌లోనే రాతపూర్వకంగా తిరస్కరించే అధికారం ఉంది. నాణ్యత బాగుందని సంతకం చేసిన బిల్లును కూడా ఏడాది ఆపడం ఏ నాణ్యత కోసం?

నిర్మాణ రంగాన్ని దాటి చూస్తే ఇది రాజ్యానికీ పౌరునికీ మధ్య ఉన్న మాట విలువకు సంబంధించిన విషయం. కాంట్రాక్టరు గడువు తప్పితే జరిమానా ఉంది, ఈఎండీ (టెండరుతో కట్టే ధరావతు) జప్తు ఉంది, బ్లాక్‌లిస్టు ఉంది. ప్రభుత్వం గడువు తప్పితే ఏముంది? ఆలస్యపు చెల్లింపుపై వడ్డీ అడగరాదన్న నిబంధన మన ఒప్పంద పత్రాల్లో మామూలుగా కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి వస్తున్న పద్ధతి ప్రకారం 50 వేల రూపాయలు దాటిన వివాదం ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు) పోదు, సివిల్ కోర్టుకే పోవాలి. అక్కడ తీర్పు వచ్చేనాటికి చిన్న కాంట్రాక్టరు అప్పుల్లో మునిగి వ్యాపారమే మూసేసుకుంటాడు. ఇద్దరు సంతకం చేసిన పత్రంలో ఒక్కరికే శిక్ష ఉంటే దాన్ని ఒప్పందం అనలేం, ఆజ్ఞ అనాలి. ఆస్తిపన్ను కట్టడం ఒక్క నెల ఆలస్యమైతే వడ్డీ వేసే వ్యవస్థ, తాను బాకీ పడిన చోట మాత్రం కాలానికి విలువ లేదంటోంది. ఇలాంటి రాజ్యాన్ని పౌరులు నమ్మరు, నమ్మనివాళ్లు దళారులను ఆశ్రయిస్తారు. కమీషన్ లేకుండా బిల్లు రాదన్న ఆరోపణ ప్రతి ప్రభుత్వం మీదా వస్తోందంటే, ఎవరి బిల్లు ముందు చెల్లించాలో నిర్ణయించే విచక్షణను రాతలో లేకుండా కొందరి చేతుల్లో ఉంచడమే అందుకు కారణం.

ఇతర దేశాలు దీన్ని చట్టంతోనే సరిచేసుకున్నాయి. బ్రిటన్‌లో 1996 నాటి చట్టం నిర్మాణ ఒప్పందాల్లో దశలవారీ చెల్లింపును హక్కుగా చేసింది, డబ్బు రాకపోతే పని నిలిపేసే హక్కునిచ్చింది, వివాదాన్ని మామూలుగా 28 రోజుల్లో తేల్చే ఏర్పాటు పెట్టింది. సింగపూర్ 2004లో అలాంటి చట్టాన్నే తెచ్చుకుంది. మన దేశంలోనూ దారి చూపే పత్రం ఉంది. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన సూచనల ప్రకారం, రన్నింగ్ బిల్లు (పని సాగుతుండగా అప్పటిదాకా జరిగినదానికి పెట్టే బిల్లు) సమర్పించిన 10 పనిదినాల్లో అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం చెల్లించాలి, మిగిలింది తనిఖీ ముగించి 28 పనిదినాల్లో ఇవ్వాలి. అవి కేంద్ర శాఖల కోసం రాసినవి, రాష్ట్రాలు పాటించి తీరాలన్న నియమమేమీ లేదు. అయితే వద్దన్న నియమమూ లేదు. రెండు రాష్ట్రాలూ ఒక్క జీవోతో వాటిని తమవిగా చేసుకోవచ్చు.

చేయగలరనడానికి అమరావతే సాక్ష్యం. రాజధాని నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) కలిసి దాదాపు 160 కోట్ల డాలర్ల రుణాన్ని 2024 డిసెంబరులో ఆమోదించాయి. ప్రపంచ బ్యాంకు ప్రామాణిక టెండరు పత్రాల్లో ఆలస్యపు చెల్లింపుకు వడ్డీ ఇవ్వాలన్న నిబంధన ఉంటుంది, బిల్లు ఎన్ని రోజుల్లో తేలాలో రాసి ఉంటుంది. అప్పు ఇచ్చేవాడు షరతు పెడితే ఆ నిబంధనకు అభ్యంతరం ఉండదు. అదే ప్రభుత్వం ప్రకాశం జిల్లాలో ఒక చెక్‌డ్యాం కట్టిన స్థానిక కాంట్రాక్టరుకు మాత్రం అదే నిబంధనను నిరాకరిస్తుంది. ఆ నిబంధనను ప్రతి పనికీ, పది లక్షల సిమెంటు రోడ్డుకు కూడా వర్తింపజేయాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కిన ప్రతి బిల్లునూ, తెలంగాణలో టోకెన్ (ఖజానాలో బిల్లు నమోదు సంఖ్య) పడిన ప్రతి బిల్లునూ తేదీతో, వరుస సంఖ్యతో ప్రజలందరికీ కనిపించేలా ఉంచాలి; వరుస తప్పించి చెల్లిస్తే అలా చేయమన్న అధికారి పేరు, కారణం ఆ పక్కనే నమోదు కావాలి. రాబోయే బడ్జెట్ సమావేశాల్లో ఆర్థిక మంత్రులు కొత్త పనుల జాబితా చదవడానికి ముందు, పాత పనుల బాకీ ఎంత, అందులో ఏడాది దాటింది ఎంత అన్న రెండు అంకెలను సభ ముందు పెట్టాలని రెండు శాసనసభల్లోని సభ్యులు పార్టీలకు అతీతంగా పట్టుబట్టాలి.