పగిలితే పగలనియ్యండి

సైన్స్ టీచర్లకు ఏం కావాలి అని ఎవర్ని అడిగినా జవాబు పెద్దగానే వస్తది, కొత్త ల్యాబ్ కావాలి, డిజిటల్ బోర్డు కావాలి, ట్రైనింగ్ కావాలి అని. అవన్నీ కావాల్సినవే, మేం కాదనట్లేదు. కానీ నల్లగొండ, పాలమూరు జిల్లాల సర్కారు బళ్లలో మాకు ఎక్కువగా కనబడేది వేరే కథ. సామాను లేక ప్రయోగం ఆగిపోయిన బళ్లకంటే సామాను ఉండి కూడా బీరువా తాళం తీయక ఆగిపోయిన బళ్లే ఎక్కువ.

ఆ బీరువా ఒకసారి తీయించి చూడండి. పాత పేపర్లలో చుట్టిన బీకర్లు ఏ ఏడు వచ్చినయో ఆ ఏడు చుట్టినట్టే ఉంటయి. యాసిడ్ సీసా మూత బిగుసుకుపోయి ఉంటది, దాని ఆవిరికి పక్కనున్న ఇనుప స్టాండు ఎర్రగా తుప్పు పట్టి చేతికి రాలుతుంటది, మెగ్నీషియం రిబ్బన్ మీద పొర కట్టి గరుకు కాగితంతో రుద్దితే తప్ప అంటుకోని పరిస్థితి. వీటన్నిటి పక్కన మాత్రం ఒక్కటి చెక్కుచెదరకుండా ఉంటది, స్టాక్ రిజిస్టర్. పరీక్షనాళికలు ఇన్ని, గరాటులు ఇన్ని, లెన్సులు ఇన్ని అని వరుస నంబర్లతో. సారు ట్రాన్స్‌ఫర్ అయితే చార్జ్ అప్పగించేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి, సరిపోకపోతే ఎందుకు సరిపోలేదో రాసియ్యాలి, లేదంటే జేబులోంచి కొని పెట్టి బయటపడాలి. ఇంత తలనొప్పి పెట్టుకుని నలభై మంది పిల్లల చేతికి గాజు సామాను ఎవరిస్తరు? జింకు ముక్కల మీద యాసిడ్ పోసి వచ్చే వాయువుకి అగ్గిపుల్ల చూపిస్తే టప్‌మని శబ్దం వస్తదని పదో తరగతి పిల్లలందరికీ కంఠతా వచ్చు, ఆ టప్ చెవితో విన్నోళ్లెంతమంది అని మాత్రం అడగొద్దు.

అందుకే మా మాట ఒక్కటే. పగిలే సామాన్ని సుద్దముక్కల లెక్క ఖర్చయ్యే సామానుగా రాసుకోనియ్యండి. సుద్దముక్క అరిగిపోయిందేంటని ఏ టీచర్‌నీ ఎవరూ సంజాయిషీ అడగరు కదా, పరీక్షనాళికకీ అదే వర్తించాలి. ఏడాదికింత అని పగులుడు ముందే ఒప్పుకుని, అది దాటితే అప్పుడు అడగండి. అసలు ఏడాది మొత్తంలో ఒక్కటి కూడా పగలని బడి ఉంటే, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసర్ అక్కడ మెచ్చుకోవడం మాని ప్రయోగాలు ఎప్పుడు చేశారని అడగాలి.

పగలనియ్యడమంటే అజాగ్రత్త అని కాదులెండి. యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే యాసిడ్ కొంచెం కొంచెంగా పోయాలి అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలకి అది ఒక్కసారి చేసి చూపిస్తే, గిన్నె బయటంతా ఎట్ల వేడెక్కిందో తాకి చూస్తే, ఇక జన్మలో మర్చిపోరు. కళ్లద్దాలు, ఇంత ఇసుక, ఒక బకెట్ నీళ్లు, ఇవీ అదే బీరువా పక్కన ఉండాలి.

ఇక పైసల సంగతి. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడి నిర్వహణకు వచ్చే కాంపోజిట్ గ్రాంట్ పిల్లల సంఖ్యని బట్టి ఉంటది, వందకు పైన 250 దాకా పిల్లలుంటే ఏడాదికి 50 వేలు, 250 దాటి వెయ్యి దాకా ఉంటే 75 వేలు. వినడానికి బాగానే ఉంది గానీ అందులోంచే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు రిపేర్లు, శుభ్రత, జెండా పండగలు, అన్నీ వెళ్లాలి, అదీ విడతలుగా, బడి తెరిచిన ఎన్నో నెలలకి. అన్ని ఖర్చులూ పోయాక సైన్స్ సారు వాటాకి ఏం మిగుల్తదో లెక్క వేయక్కర్లేదు. మేం అడిగేది పెద్ద మొత్తం కాదు. జూన్‌లోనే ఫిజికల్ సైన్స్, బయాలజీ టీచర్ల ఇద్దరి చేతికి చిల్లర ఖర్చుల కోసం విడిగా కొంత ఇచ్చి, కిరాణా కొట్టు చీటీని కూడా బిల్లుగా ఒప్పుకోవాలి. ఎందుకంటే మంచి ప్రయోగాలు సగం కిరాణా కొట్లోనే దొరుకుతయి: పాన్ డబ్బాలో సున్నం తెచ్చి నీళ్లలో కలిపి తేర్చి, స్ట్రాతో ఊదితే తెల్లగా అవుతది, పసుపు రాసిన కాగితం మీద సబ్బునీళ్లు పడితే ఎర్రబడతది, రెండు సెల్లులు, రెండు పెన్సిల్ ముల్లులు ఉంటే నీళ్లలోంచి బుడగలొస్తయి. ఈ సరుకు కోసం కొటేషన్లు మూడు తెమ్మంటే ఎవరూ తేరు.

బడి పిల్లల సైన్స్ ఐడియాలకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన జిల్లాల్లో సైన్స్ ప్రోత్సాహం అంటే ముందు గుర్తొచ్చేది అదే. ఎంపికైన పిల్లాడి ఖాతాలో 10 వేలు పడతయి, మంచి స్కీమ్. కానీ ఆ ఐడియా వెనక సాయంత్రాలు కూచున్న గైడ్ టీచర్‌కి? ఫారంలో పేరు ఉంటది, అంతే. జిల్లా ఎగ్జిబిషన్‌కి పిల్లల్ని తీసుకుపోవడం, థర్మకోల్, ఫెవికాల్, మధ్యాహ్నం తిండి, ఇవన్నీ చాలా సార్లు సారు జేబులోంచే పోతయి. పైగా ఎగ్జిబిషన్ మోజులో పడి ఏటా అదే అగ్నిపర్వతం, అదే వర్షపు నీటి గుంట, అదే స్మార్ట్ సిటీ మోడల్, వాటిని రెడీమేడ్‌గా అమ్మే షాపులు కూడా వచ్చేశాయి. ప్రైవేటు బళ్ల గోల ఇంకో రకం, అక్కడ ల్యాబ్ ఫోటో బ్రోచర్‌లో మాత్రం కళకళలాడుతది, సారుకి రోజుకి ఏడు పీరియడ్లు.

నిజానికి మన ప్రాంతంలో సైన్స్ చెప్పడానికి ఉన్నంత సరుకు చాలా చోట్ల ఉండదు. తాగే నీళ్లలో ఎక్కువైతే ఎముకల్ని వంచేసే ఫ్లోరైడ్ సంగతే తీసుకోండి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1970ల్లో తయారు చేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు, ఆ పేరు దేశాలు దాటి పుస్తకాలకెక్కింది. మరి మర్రిగూడ మండలం పిల్లలకి, మునుగోడు పిల్లలకి ఆ పద్ధతి క్లాసులో చేసి చూపించిన బళ్లు ఎన్ని? బకెట్ నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి వదిలేస్తే తెల్లటి మడ్డి కట్టి అడుక్కి దిగడం, పైన తేటనీళ్లు నిలవడం, ఇదంతా రెండు పీరియడ్ల పని. ఫ్లోరైడ్ కిట్ ఒకటి ఉంటే పాత బోరు నీళ్లు, భగీరథ నల్లా నీళ్లు పక్కపక్కన పెట్టి రంగు ఎట్ల మారుతదో చూడొచ్చు, లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు అన్న గీత ఎక్కడుందో పిల్లలే గీసుకుంటరు. తాతల కాళ్లు ఎందుకు వంగినయో తెలుసుకోవాలని ఆ ఊరి పిల్లలకంటే ఎక్కువ ఎవరికుంటది.

పాలమూరు దిక్కు పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉంది. చెట్టుకి చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కించారు, దేశమంతా ఆ ఫోటోలు చూసింది. మొక్కల్లో రవాణా పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ ఏముంటది చెప్పండి. కృష్ణ మండలం ముడుమాల్‌లో మనిషికి రెండింతల ఎత్తున్న నిలువురాళ్లున్నయి, దాదాపు 3,500 ఏళ్ల కిందటివని, ఒక బండ మీద గుంతలు సప్తర్షి మండలాన్నే చూపిస్తయని పరిశోధకులు చెప్తున్నరు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కినయి. నారాయణపేట, మక్తల్ బళ్ల నుంచి పల్లెవెలుగులో పోతే ఆడపిల్లలకి టికెట్ కూడా లేదు, మగపిల్లల టికెట్లే పెట్టుకోవాలి. ఇంకా చౌకగా కావాలంటే ఆగస్టు 5 అటూఇటుగా మధ్యాహ్నం పన్నెండున్నర లోపు గ్రౌండ్‌లో ఒక కర్ర నిలువుగా పాతండి, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తడు కాబట్టి మబ్బు లేకుంటే దాని నీడ కాసేపు మాయమైపోతది. మే నెలలో కూడా అట్లనే అవుతది గానీ అప్పుడు సెలవులు.

ఇవన్నీ టీచర్లకి తెలియక కాదు. టైమ్ ఏది? కంప్యూటర్ వచ్చు కదా అని బడి వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించే యూడైస్ ఎంట్రీ సైన్స్ సారుకే, ఫేస్ అటెండెన్స్ ఫోన్ పనిచేయకుంటే సైన్స్ సారుకే, మార్కులు ఆన్‌లైన్ చేసేదీ ఆయనే. వారానికి ఒక డబుల్ పీరియడ్‌ని టైంటేబుల్‌లో ప్రయోగాలకని రాసి, దాన్ని సిలబస్ అయిపోలేదని ఎవరూ గుంజుకోకుండా హెచ్ఎంలు కాపాడాలి. 2024 డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)లో వచ్చిన కొత్త టీచర్లు హుషారుగా ఉన్నరు, వాళ్లని కూడా ఈ ఎంట్రీల్లోకి దింపేస్తే ఆ హుషారు రెండేళ్లలో ఆవిరైపోతది.

ప్రోత్సాహం అంటే సెప్టెంబర్ 5న శాలువా ఒక్కటే అనుకుంటే కష్టం, దానికి కూడా టీచరే ఫైలు కట్టి నేను మంచోణ్ని అని అప్లై చేసుకోవాలి. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం గుర్తు చేసుకోవాలి ఇక్కడ. పదహారు పల్లెటూరి బళ్లతో మొదలుపెట్టారు, పిల్లల చేతికి కిట్లు ఇచ్చారు, టీచర్లు నెలకోసారి కూచుని ఏ ప్రయోగం కుదిరింది, ఏది కుదరలేదు అని మాట్లాడుకునేవాళ్లు, 2002లో సర్కారే ఆపేసే దాకా అట్ల నడిచింది. అక్కడ పనిచేసిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలతో చేసిన బొమ్మలు ఇవాళ నెట్‌లో ఫ్రీగా ఉన్నయి, ఆయనకి 2018లో పద్మశ్రీ కూడా వచ్చింది. మన దగ్గర చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులు ఎట్లాగూ జరుగుతున్నయి, సర్క్యులర్లు చదివి సంతకాలు పెట్టించి టీ తాగి పోవుడే గాక అందులో అరగంట తీసి ఒక సారు గానీ మేడమ్ గానీ తోటి టీచర్ల ముందు ఒక ప్రయోగం చేయాలి. కుదరకపోతే ఇంకా మంచిది, ఎందుకు కుదరలేదో పదిమంది కలిసి చూస్తరు, పక్క బడిలో లేని సామాను అప్పుడే చేతులు మారుతది.

దీనికి అసెంబ్లీలో బిల్లు పెట్టక్కర్లేదు, కొత్త బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. స్టాక్ రిజిస్టర్ గురించి ఒక్క పేజీ సర్క్యులర్ చాలు, దాన్ని హైదరాబాద్ నుంచి ఇస్తే అన్ని జిల్లాలకి వర్తిస్తది, అక్కడ ఆలస్యమైతే కనీసం మన డీఈఓలు, జిల్లా సైన్స్ అధికారులు కలిసి కూచుని జూన్ 12న బళ్లు తెరిచేలోపు ప్రతిపాదన పంపాలి. పంపారా లేదా అన్నది మేం జూలైలో అడుగుతాం.