నందాదేవిని సాగనంపడానికి లక్షల మంది ఎందుకు?

గఢ్వాల్ కొండల్లో పన్నెండేళ్లకోసారి అని చెప్పుకునే అమ్మవారి పాదయాత్ర నందాదేవి రాజ్ జాత్ 2026లోనా, 2027లోనా అన్న పేచీ ఎక్కడిదాకా వెళ్లిందో ఉత్తరాఖండ్ వార్తలు చూసేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. యాత్ర నిర్వహించే నౌటీ ఊరి కమిటీది ఒక మాట, అమ్మవారి గుడి ఉన్న కురుడ్ ఊరివాళ్లది ఇంకో మాట. 2014 యాత్రకు పన్నెండేళ్లు కలిపితే 2026. కానీ ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చి ఆ తర్వాతి పండగలన్నీ ఆలస్యమయ్యాయి. వినాయక చవితే సెప్టెంబరు 14న పడింది. యాత్ర ముడిపడి ఉన్న నందాష్టమి ఇంకో నాలుగైదు రోజుల తర్వాత. అప్పటికి పైన చివరి మజిలీ అయిన హోమ్‌కుండ్ దారిలో మంచు పడితే ఏం చేస్తారు?

నన్నడిగితే ఈ తేదీల గొడవంతా అనవసరం. 1951, 1968, 1987, 2000, 2014. గత యాత్రలు జరిగిన ఏళ్లు ఇవీ. ఇందులో పన్నెండేళ్ల వరస ఎక్కడైనా కనిపిస్తోందా? 1951లో మంచు అడ్డొచ్చి యాత్ర మధ్యలోనే ఆగిపోయింది. 2013లో కేదార్‌నాథ్ వరద వచ్చి మరో ఏడాది వాయిదా పడింది. కొండ ఒప్పుకున్నప్పుడే ఈ యాత్ర జరిగింది, ఇకముందూ అంతే. ఏడాది అటూ ఇటూ అయితే అమ్మవారికి వచ్చే లోటేమీ లేదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. దారిలో చివరి ఊరైన వాణ్ దాటి పైకి ఎంతమంది వెళ్తారు? దీన్ని మాత్రం గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. నా జవాబు సూటిగా చెప్పేస్తాను. కొన్ని వందల మంది. వేలు కూడా వద్దు.

ఇది పర్యావరణవాదులు బయటినుంచి వచ్చి చెప్పే నీతి అనుకోకండి. యాత్ర లోపలే ఆ హద్దు ఉంది. గఢ్వాల్ వాళ్లకు నంద దేవత కంటే ముందు ఇంటి ఆడబిడ్డ. శివుణ్ని చేసుకుని కైలాసానికి కాపురానికి వెళ్లింది. చాలా ఏళ్లకు పుట్టింటికి వచ్చిన బిడ్డను మళ్లీ అత్తారింటికి పంపడమే రాజ్ జాత్. దాదాపు 280 కిలోమీటర్ల దారి, ఇరవై రోజుల నడక. కాంసువా నుంచి రాజవంశపు కుంవర్లు ఛంతోలీ పట్టుకుని వస్తారు. సన్న వెదురుతో అల్లిన గొడుగు అది. పక్కనే నాలుగు కొమ్ముల పొట్టేలు. దారిలో ఒక్కో ఊరి ఛంతోలీ, ఒక్కో ఊరి డోలీ వచ్చి కలుస్తాయి. నందకేసరి దగ్గర కుమావూ వైపు నుంచి వచ్చేవాళ్లు తోడవుతారు. ప్రతి ఊళ్లోనూ బిడ్డకు సారె పెడతారు. ఆ సారెలో అర్సా తప్పనిసరి. నానబెట్టిన బియ్యం దంచి, ఆ పిండిని బెల్లం పాకంలో కలిపి, ఆవనూనెలో వేయిస్తారు. నూనె వాసన తేడా తప్ప అచ్చం మన అరిసెలే. గఢ్వాల్‌లో ఆడపిల్ల పుట్టింటి నుంచి వెళ్తుంటే ఇప్పటికీ బుట్టలో పెట్టి ఇచ్చేది అదే. డోలీ కదిలేటప్పుడు ఆడవాళ్లు జాగర్ పాటలు పాడుతూ బావురుమంటారు. బూడిద పూసుకునే మొగుడు, చలి తప్ప ఏమీ లేని అత్తారిల్లు అంటూ నంద తరఫున ఏకరువు పెడతారు.

మన అప్పగింతలు చూసినవారికి ఈ ఏడుపు వేరే చెప్పాలా? సరే, అప్పగింతల్లో ఊరంతా కదిలివస్తుంది. కానీ పెళ్లికూతురు వెంట అత్తారింటిదాకా ఎవరు వెళ్తారు? ఏడ్చేవాళ్లు పొలిమేర దగ్గర ఆగిపోతారు. తమ్ముడో అన్నో, మహా అయితే ఇంకో ఇద్దరో తోడు వెళ్తారు. రాజ్ జాత్‌లోనూ సరిగ్గా ఇదే ఉంది. దారిలో చివరి ఊరు వాణ్. అక్కడ లాటూ దేవత గుడి ఉంది. ఆయన నందకు ధర్మ సోదరుడు. పూజారి కూడా కళ్లకు గంతలు కట్టుకునే ఆ గుడిలోకి వెళ్తాడు. వాణ్ నుంచి యాత్రకు ముందు నడిచేది లాటూనే. చెల్లెల్ని దిగబెట్టే బాధ్యత అన్న తీసుకున్నాడన్నమాట. ఆ పైన ఊరు లేదు, ఇల్లు లేదు, సారె పెట్టే చెయ్యి లేదు. అడవి, పచ్చిక, బండరాళ్లు, మంచు. ఇవి దాటి హోమ్‌కుండ్ చేరాక కుంవర్లూ పూజారులూ కూడా ఆగిపోవాల్సిందే. పొట్టేలు వీపున నగలు, గాజులు, బట్టలు కట్టి వదిలేస్తారు. అది ఒంటరిగా త్రిశూల్ పర్వతం వైపు వెళ్లిపోతుంది. కింద ఊళ్లలో వేల మంది, వాణ్ పైన ఒక్కో ఊరి నుంచి కొందరు, చివరికి ఒక్క పొట్టేలు. పోనుపోను మనుషులు తగ్గిపోయేలా పెద్దలు కట్టిన యాత్ర ఇది. దీన్ని తలకిందులు చేసి, అందరూ చివరిదాకా రావాల్సిన మేళాగా మార్చింది మాత్రం మన కాలమే. 'హిమాలయ మహాకుంభ్' అని పేరు కూడా పెట్టారు. (ఏ జాతరనైనా కుంభమేళాతో పోల్చకపోతే మన అధికారులకు నిద్రపట్టదు.)

సంప్రదాయంలో నాకు నచ్చిన ముక్క ఏరుకుని, వాణ్ దాటి ఆడవాళ్లు వెళ్లకూడదన్న పాత ఆంక్షను దాచేస్తున్నానని ఎవరైనా అనవచ్చు. ఆ ఆంక్ష పోయింది, పోవడమే మంచిది. నేను అడిగేది తలల లెక్క గురించే. ఆ తలల్లో సగం ఆడవాళ్లవైతే ఇంకా బాగుంటుంది. ఆ మాటకొస్తే, ఈ దారిలో ఆడవాళ్లు ఏనాడూ నడవలేదన్నది కూడా అబద్ధమే. దారిలోని రూప్‌కుండ్ చెరువు దగ్గర దొరికిన ఎముకలే సాక్ష్యం.

ఆ ఎముకల కథకు హైదరాబాద్‌తో సంబంధం ఉంది. పదహారు వేల అడుగుల పైన ఉన్న ఆ చిన్న మంచు చెరువు చుట్టూ వందల మంది అస్థికలు ఉన్నాయని 1942లో ఒక అటవీ రేంజర్ చూసి చెప్పాడు. ఎవరివో చాలా ఏళ్లు తేలలేదు. 2019లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ బృందాలతో కలిసి 38 మంది డీఎన్‌ఏ ఫలితాలు ప్రచురించారు. 23 మంది మన ఉపఖండం వాళ్లు. దాదాపు 7 నుంచి 10వ శతాబ్దం మధ్య, ఒకేసారి కాకుండా వేర్వేరు సందర్భాల్లో చనిపోయారు. మరో 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వాళ్లు, అదీ సుమారు 1800 ప్రాంతంలో. వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. ఆ 38 మందిలో మగవాళ్లూ ఉన్నారు, ఆడవాళ్లూ ఉన్నారు.

జానపదుల దగ్గర మాత్రం జవాబు ఎప్పటినుంచో ఉంది. కనౌజ్ రాజు జస్‌ధవల్ గర్భవతి అయిన రాణినీ, పరివారాన్నీ, నాట్యగత్తెలనూ వెంటబెట్టుకుని ఆర్భాటంగా నంద యాత్రకు బయలుదేరాడట. పవిత్రమైన కొండమీద ఆటపాటలు చూసి అమ్మవారికి కోపం వచ్చిందట. నాట్యగత్తెలు అక్కడికక్కడే రాళ్లయ్యారు. ఆ చోటు పేరు నేటికీ పాతర్ నచౌనీ. మిగతావాళ్లు రూప్‌కుండ్ దగ్గర వడగళ్లకు బలయ్యారు. ఈ కథకూ డీఎన్‌ఏ ఫలితాలకూ లెక్క కుదరదు, నాకు తెలుసు. అయినా ఆ ఊళ్ల వాళ్లు తరాల పాటు పాడుకున్న హెచ్చరిక ఏమిటో చూడండి. దండుతో రావద్దు, డాబుతో రావద్దు. యాత్రను టెంట్ల పట్టణంగా మార్చాలనుకునే అధికారులు ఒక్కసారి ఈ పాట వింటే బాగుండు.

ఇక కోర్టు సంగతి. 2014లో వాణ్ పైనున్న బేదినీ పచ్చిక మీద డేరాల ఊళ్లే వెలిశాయి. అదే ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2018 ఆగస్టులో తీర్పు వచ్చింది. బుగ్యాల్‌లలో, అంటే ఆ కొండ పచ్చికల్లో రాత్రి బస నిషేధం, పర్యాటకులు 200 మందికి మించకూడదు, పక్కా కట్టడాలు తీసేయాలి. హైదరాబాద్, బెంగళూరు నుంచి లోహాజంగ్ చేరి రూప్‌కుండ్ ట్రెక్‌కు వెళ్లే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల ప్లాన్లకు దాంతో గండి పడింది. సరైన తీర్పే. బుగ్యాల్ అంటే ఏడాదిలో సగం రోజులు మంచు కింద ఉండి, మిగిలిన కొద్ది నెలల్లో బతికే పలుచటి గడ్డిపొర. గుర్రపు డెక్కల కింద ఆ పొర ఒకసారి చినిగిందా, వానకు అడుగు మట్టి జారడం మొదలవుతుంది. గడ్డి మళ్లీ పట్టాలంటే ఏళ్లు కావాలి. మరి 200 మంది ట్రెక్కర్లు పడుకుంటే పాడయ్యే నేల, వేల మంది భక్తులు పడుకుంటే ఎలా బాగుంటుంది? తీర్పులో పర్యాటకులని రాసి ఉండొచ్చు. గడ్డికి ఆ తేడా తెలియదు.

పోనీ కింది దారైనా భద్రంగా ఉందా అంటే, 2025 ఆగస్టులో కుంభవృష్టి పడి బురదలో కూరుకుపోయిన థరాలీ ఈ యాత్ర దారిలోదే. సెప్టెంబరులో ఇళ్లు కొట్టుకుపోయిన నందానగర్ తిరుగుదారిలోది. ఆ కొండల తీరు మారింది. అక్కడ ఒకే రాత్రి వేల మందిని పోగేయడం మొండి ధైర్యం.

అవతలి వాదనలో న్యాయం లేకపోలేదు. కొండ ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. 2011 జనగణనలోనే ఉత్తరాఖండ్‌లో వెయ్యికి పైగా గ్రామాల్లో మనిషన్నవాడు లేడు. పౌడీ, అల్మోడా జిల్లాల జనాభా తగ్గింది. యాత్ర వస్తే రోడ్డు వస్తుంది, కరెంటు వస్తుంది, నాలుగు రాళ్లు వస్తాయి, దిల్లీ వెళ్లిపోయిన కొడుకు ఒకసారి ఇంటికొస్తాడు అంటారు అక్కడివాళ్లు. నిజమే. కానీ రోడ్డు, ఆస్పత్రి, హోమ్‌స్టే ఇవన్నీ వాణ్‌కు కింద ఉండాల్సినవే కదా! పైన పెట్టే ఖర్చు డేరాలతోపాటే దిగిపోతుంది. ఊళ్లకు మేలు జరగాలంటే జనం ఊళ్లలో ఆగాలి, ఊళ్లలో తినాలి, ఊళ్లలో పడుకోవాలి. పదిహేను రోజుల పల్లె యాత్రను వదిలేసి అందరూ నేరుగా లోహాజంగ్‌కు జీపెక్కి పైకి పరిగెత్తితే నౌటీకీ కురుడ్‌కూ మిగిలేది ట్రాఫిక్ పొగే.

హద్దు పెడితే భక్తులు నొచ్చుకుంటారన్న భయం కూడా వట్టిదే. శ్రీశైలం అడవిలో ఇష్టకామేశ్వరి ఉంది. అటవీ శాఖ అనుమతించిన జీపుల్లో, వాళ్లు చెప్పినంతమందే వెళ్లి వస్తారు. గుహలాంటి ఆ చిన్న గుడిలోకి ఒంగి దూరి, అమ్మవారి నుదుట బొట్టు పెడితే మనిషి నుదురులా మెత్తగా తగులుతుందని చెప్పుకుంటారు. జీపు దొరకనివాళ్లు కాస్త సణుక్కుని శ్రీశైలంలో దండం పెట్టుకుని ఇంటికి వెళ్తారు. ఎవరి భక్తీ తగ్గలేదు.

అసలు జబ్బు ప్రభుత్వాలది. ఎంత జనం వస్తే అంత విజయం అన్న లెక్క వాళ్ల తలకెక్కింది. చార్‌ధామ్‌లో కొత్త రికార్డు, ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో 66 కోట్లు, ఫలానా గుడిలో ఒక్కరోజే ఇన్ని లక్షలు. తలల సంఖ్యే ప్రెస్‌నోట్‌కు హెడ్డింగ్. ఆ తలల్లో కొన్ని నలిగిపోయినప్పుడు మాత్రం తప్పు జనం మీదికి పోతుంది. అమ్మవారి కొండలనే తీసుకోండి. 2008లో నైనాదేవి, కొండచరియ విరిగిందన్న పుకారుకు 140 మందికి పైగా. 2022 కొత్త సంవత్సరం తెల్లవారుజామున వైష్ణోదేవిలో 12 మంది. 2025 జులైలో హరిద్వార్ మానసాదేవి మెట్ల దారిలో 8 మంది. మనమేమన్నా తక్కువ తిన్నామా? అదే ఏడాది జనవరిలో తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి 6 మంది, నవంబరు 1న కాశీబుగ్గలో ఏకాదశి దర్శనానికి వెళ్లి 9 మంది. ప్రతిసారీ అదే వరస. ముందు రండి రండి అని పిలుపు, తర్వాత ఎక్స్‌గ్రేషియా, ఆ తర్వాత విచారణ కమిటీ.

2015 జులై 14న రాజమండ్రి కోటగుమ్మం పుష్కర ఘాట్‌లో ఏం జరిగిందో ఈ వ్యాసం చదివే చాలామందికి గుర్తుండే ఉంటుంది. కనీసం 27 మంది పోయారు. నది అంత పొడవునా నీళ్లున్నాయి, పన్నెండు రోజుల గడువుంది. అయినా మొదటి రోజు, ఆ ముహూర్తానికి, ఆ ఘాట్‌లోనే మునగాలన్న నమ్మకం జనానికి ఎక్కడినుంచి వచ్చింది? '144 ఏళ్లకోసారి వచ్చే మహా పుష్కరం' అని నెలల తరబడి ఊదరగొట్టిందెవరు? జస్టిస్ సోమయాజులు కమిషన్ కూడా మితిమీరిన ప్రచారాన్నీ, జనానికి ముహూర్తం మీదున్న గుడ్డి నమ్మకాన్నీ తప్పుపట్టింది. ప్రచారానికి డబ్బు పెట్టినవాళ్ల జోలికి మాత్రం వెళ్లలేదు.

మళ్లీ గోదావరి పుష్కరాలు 2027 జూన్ నెలాఖరులో వస్తున్నాయి. ఎన్ని కోట్ల మంది వస్తారన్న అంచనాలు అప్పుడే పేపర్లకెక్కాయి. అవెందుకు? ఒక్కో ఘాట్‌లో గంటకు ఎంతమంది దిగి క్షేమంగా పైకి రాగలరో ఇంజినీర్లతో లెక్క కట్టించి, ఆ సంఖ్యను బోర్డు మీద రాయించండి. నిండగానే గేటు మూయండి, పక్క ఘాట్‌కు బస్సు పెట్టండి. ఉత్తరాఖండ్ ప్రభుత్వం కూడా యాత్ర తేదీ తేల్చడానికి ముందే వాణ్ పైకి వెళ్లేవారి సంఖ్య ప్రకటించాలి. ఏ ఊరి ఛంతోలీతో ఎంతమంది వెళ్లాలో ఆ ఊళ్లకే వదిలేయాలి. పేర్లు వాళ్లు రాసుకుంటారు. ఆడబిడ్డను దిగబెట్టడానికి ఎవర్ని పంపాలో గఢ్వాల్ పల్లెలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.