గోరంత బంధువులు

నదీజలాలు పంచడానికి ట్రిబ్యునళ్ళు వేశారు. జీతాలు పెంచడానికి కమిషన్లు వేశారు. ఫోల్డర్ తెరిస్తే ఫోటో ఎంత సైజులో కనబడాలన్న దానిమీద మాత్రం ఒక్క కమిటీ కూడా వేయలేదు. దాని ఫలితం మా ఇంట్లో అనుభవిస్తున్నాం.

మా చెల్లి పెళ్ళయి మూడు నెలలయింది. ఫోటోగ్రాఫర్ హార్డ్ డిస్క్ చేతిలో పెట్టి, "ఆల్బమ్‌కి 150 సెలెక్ట్ చేసి నంబర్లు పంపండి సార్" అని వెళ్ళిపోయాడు. తెరిచి చూస్తే 2,314 ఉన్నాయి.

ఫోల్డర్‌లో ఫోటోకి బదులు కనబడే బుల్లి బొమ్మని థంబ్‌నెయిల్ అంటారు. అంటే బొటనవేలి గోరు. ఆ పేరు పెట్టినవాడు మన పెళ్ళి ఫోటో చూసి ఉండడు. స్టేజీ మీద నిలబడ్డ ఇరవై ముగ్గురిని గోటిమీద ఎలా సర్దుతాడు? విండోస్ లెక్క ప్రకారం చిన్న ఐకాన్ 16 పిక్సెళ్ళు, మీడియం 48, లార్జ్ 96, ఎక్స్‌ట్రా లార్జ్ 256. మెనూలో 96 తర్వాత ఒకేసారి 256. మధ్యలో వాళ్ళ గతేమిటని ఎవరూ అడగలేదు. మధ్యతరగతికి ఇది అలవాటే.

16 దగ్గర అసలు ఫోటోయే కనబడదు, అన్నిటికీ ఒకటే బొమ్మ. పెళ్ళికూతురు, పురోహితుడు, వంటవాళ్ళు, పిలవకుండా వచ్చినవాళ్ళు, అందరూ సమానం. సిద్ధాంతరీత్యా నేను దీన్నే బలపరిచాను. ఇంట్లో నాకు నా ఓటు ఒక్కటే పడింది.

మీడియంలో పెడితే జీలకర్ర బెల్లానికీ తలంబ్రాలకీ తేడా తెలియదు. ఒక పసుపు మచ్చ, పక్కన ఎర్ర మచ్చ. అమ్మ మాత్రం ఆ 48 పిక్సెళ్ళలోనే, "చూశావా, మీ చిన్నత్త నేను పెట్టిన చీర కట్టుకోలేదు" అని పట్టేసింది. కంప్యూటర్లకి చూపు నేర్పిస్తున్నామనే శాస్త్రవేత్తలు ఒకసారి మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్తే మంచిది.

పెద్దమామయ్యది ఎక్స్‌ట్రా లార్జ్ పార్టీ. "మనిషన్నాక కనబడాలిరా" అంటాడు. ఆ సైజులో మా లాప్‌టాప్ తెరకి ఎనిమిదే పడతాయి. అంటే 290 తెరలు. ప్రతి తెర దగ్గరా ఆయన ముందు తనని తాను వెతుక్కుంటాడు. దొరికితే ఆ ఫోటో బాగుంది, దొరక్కపోతే ఫోటోగ్రాఫర్‌కి పని రాదు.

కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే మధ్య సైజులన్నీ వస్తాయని కనిపెట్టింది మా కొత్త బావగారు. దాంతో చక్రం ఆయన చేతికిచ్చాం. "పెంచండి." "మరీ అంత కాదు." "ఇప్పుడు మా అక్కయ్య తల పోయింది, తగ్గించండి." తగ్గిస్తూ తగ్గిస్తూ బావగారు ఒక్క మెట్టు ఎక్కువ తిప్పారు. బంధువులందరూ మాయం. డీఎస్‌సీ 0417, డీఎస్‌సీ 0418 అని పేర్లు మాత్రం బారులు తీరి నిలబడ్డాయి.

"అయ్యో, మొత్తం పో..." అని అత్తయ్య సగంలో మింగేసింది. కొత్త అల్లుడు కదా.

కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కితే లార్జ్ తిరిగొస్తుందని నేను చెబుతూనే ఉన్నాను. వినేవాళ్ళు లేరు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకూడదంటారు పెద్దలు. తెచ్చింది మా పెద్దలే.

బాబాయి కొడుకు విండోస్ బదులు లినక్స్ వాడే మనిషి. తమ దగ్గర ఇలాంటి గొడవలే ఉండవన్నాడు. నిజమే, వేరే గొడవలుంటాయి. అక్కడ కిటికీలూ బటన్లూ గీసిపెట్టే జీటీకే అనే సరంజామా ఉంది. అది వాడే ప్రోగ్రాముల్లో, ఫైల్ ఎంచుకునే డబ్బాలో బొమ్మలు వరసగా చూపించండి మహాప్రభో అని 2004లో అర్జీ పెట్టారు. 2022లో గాని అది కోడ్‌లోకి ఎక్కలేదు. అర్జీ పెట్టిన ఏడాది పుట్టిన పిల్లాడికి ఓటు హక్కు వచ్చేసింది. ఈ మాట అన్నాక వాడు మా ఇంటికి రావడం తగ్గించాడు.

పోయిన వారం మామయ్య మూతి ముడుచుకున్న ఫోటో ఒకటి, గొడవెందుకని డిలీట్ చేశాం. అసలు ఫోటో పోయినా, విండోస్ తన దగ్గర వేరే ఫైల్లో దాచుకున్న బుల్లి బొమ్మ అలాగే ఉండిపోవచ్చట. అలకలు దాచుకోవడంలో ఈ కంప్యూటర్‌కి మా ఇంటి పోలికే వచ్చింది.

చివరికి అందరి సంతకాలతో ఒప్పందం కుదిరింది. లార్జ్. సంతకాలైన మర్నాడే ఫోటోగ్రాఫర్ ఫోన్ చేశాడు.

"సెలెక్షన్ ఎందాకా వచ్చింది సార్?"

"96 దాకా వచ్చిందయ్యా."

"ఇంకో 54 చాలు సార్" అని సంతోషంగా పెట్టేశాడు.