పలుపుతాడు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పలుపుతాడు గారికి,

మానాపురం సంతకు పోయే దారిలో ఉండే ఓ పాడి రైతు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరు గేదె మెడలో క్షేమం. తమరి రెండో కొసన మేమూ క్షేమమే అనుకుంటున్నాం.

ఊళ్లో అందరూ మీరు గేదెను కట్టేస్తారనుకుంటారు. గేదె హాయిగా నెమరేసుకుంటూ పడుకుంటుంది. ఊరు దాటలేనిది మేమే. నిరుడు పైడితల్లి అమ్మవారి పండక్కి విజయనగరం వెళ్లాం. సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మేం ఒక్క తిరుగుడు చూసి బస్సు కోసం పరిగెత్తాం. పాలు తీసే వేళ దాటితే ముందు గేదె అరుపు, తర్వాత పొదుగువాపు, ఆపైన మందుల బిల్లు. పెళ్లి పిలుపొస్తే మా ఇంట్లో మొదట అడిగేది ఎంత చదివించాలని కాదు, ఆ పూట పశువుల సాలలో ఎవరుంటారని. అమ్మవారు అర్థం చేసుకుంటుంది, మీరు చేసుకోరు.

మీ ధర గురించి గొడవ లేదు. అసలు ఖర్చు మీ కొసన నిలబడి మేస్తోంది. కోత మిషన్లు వచ్చాక వరిగడ్డి కథే మారిపోయింది. మిషను గింజ మనకిచ్చి, గడ్డిని మడంతా చిమ్మి పోతుంది. దాన్ని కట్టలు కట్టే మిషనుకు మళ్లీ డబ్బులు. కోతల వేళ తుఫాను పడితే అదీ దక్కదు. తడిసిన గడ్డి వేస్తే గేదె ఓసారి వాసన చూసి, వాయుగుండం మేమే తెప్పించినట్టు మొహం తిప్పుకుంటుంది. తవుడు, తెలగపిండి, ఉలవలు, దాణా సంగతి ఎత్తితే ఉత్తరం చాలదు. చూడి మోసేది పది నెలల పైమాట. ఈనడానికి రెండు నెలల ముందే పాలు ఆపేయాలి. వేళకు ఎదకు రాకపోయినా, సూది వేయించాక చూడి నిలవకపోయినా ఒట్టిరోజులు పెరుగుతూనే ఉంటాయి. పాలు ఆగుతాయి గానీ మేత ఆగదు కదా. అయినా పక్కింటివాళ్లు "మీకేటి మావా, ఇంటి పాడి" అంటారు.

లోను కోసం ఒక బ్యాంకుకు కాగితాలు రాయించాం. గేదె ధర, షెడ్డు, దాణా, మందులు, బీమా, అన్నిటికీ గళ్లున్నాయి. కూలి దగ్గరికొచ్చేసరికి రాసే కుర్రాడు పెన్ను ఆపి, "సొంత మనుషులే కదండీ" అని సున్నా చుట్టాడు. ఎంత గుండ్రంగా చుట్టాడో! మా ఆవిడ తెల్లారగట్ల లేచి పేడ తీసి, కుడితి కలిపి, పాలు పితికేదంతా అందులోనే పట్టేసింది. బొటనవేలు మడిచి పితికీ పితికీ ఆమెకు కణుపు దగ్గర కాయ కాసింది. గేదె చెవికి 12 అంకెల నంబరుతో పసుపు ట్యాగు ఉంది. గాలికుంటు టీకా ఎప్పుడు పడిందో ఆ నంబరు కొడితే తెలుస్తుందట. మా ఆవిడకు జ్వరమొచ్చి ఎన్నాళ్లయిందో చెప్పే నంబరు లేదు.

2025–26లో ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. రెండు పూటలా కలిపి సాల పని సగం రోజే అనుకుందాం (నవ్వకండి, మాటవరసకే). ఆరు లీటర్లిచ్చే గేదెకు లీటరుకు పాతిక రూపాయలు ఒక్క కూలే తేలుతుంది. పాల కేంద్రంలో మిషను ఫ్యాట్ (వెన్న శాతం) చెబుతుంది, ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న, నీళ్లు పోగా పాలల్లో మిగిలే సరుకు) చెబుతుంది. కాయ కాసిన వేలు దానికి దొరకదు.

వరికి కాస్త నయం. కేంద్రం మద్దతు ధర లెక్కకట్టేటప్పుడు ఇంటిల్లిపాది కష్టానికీ కూలి కట్టి ఖర్చులో కలుపుతారు. 2025–26లో సాధారణ రకం క్వింటాలుకు ఇచ్చిన 2,369 రూపాయలు అలా వచ్చినవే. అది చాలదన్నది వేరే పోట్లాట, నాగలికి రాసే ఉత్తరంలో తేల్చుకుంటాను. మద్దతు ధర ఇచ్చే ఆ 22 పంటల్లో పాలు లేవు. అదే మనిషి మడిలో దిగితే కూలి లెక్కలోకి వస్తాడు, సాలలో అడుగుపెడితే సొంత మనిషైపోతాడు.

విసుగొచ్చి ఓసారి గేదెను అమ్మేశాం. పశువును అమ్మినా పలుపు ఇవ్వకూడదని పెద్దల ఆచారం, పాడి ఇల్లు దాటిపోకూడదని. కాబట్టి గేదె పోయింది, మీరు మాత్రం నా భుజం మీదెక్కి ఇంటికొచ్చారు. ఖాళీగా వేలాడుతున్న మిమ్మల్ని చూసి మా అమ్మ ఊరుకుంటుందా? నెల తిరక్కుండా మళ్లీ సంత.

కనుక తమరికి నా విన్నపం ఒక్కటే. లీటరు పాలకు ఖర్చెంతో తేల్చడానికి ఏ అధికారైనా మా సాలకు వస్తే, ఆయనకు కుర్చీ వేయను. మిమ్మల్ని చేతికిచ్చి ఒక్క పూట పట్టుకోమంటాను. గేదె ఎదకొచ్చిన పూటయితే మరీ మంచిది. అప్పుడు మాత్రం దయచేసి తెగిపోకండి.

ఇట్లు,
కూలి గడిలోని సున్నా